వదినగారి నెత్తురు సీసా

ఏం ఉద్యోగం చేస్తావని కొత్తవాళ్ళెవరైనా అడిగితే, వాళ్ళు తినడం పూర్తయ్యాక చెప్పమని గున్వోర్‌ని ఆమె భర్త స్టెయినార్ పెళ్ళయిన కొత్తలోనే బతిమాలుకున్నాడు. ఆమె ఏనాడూ ఆగలేదు. హెగ్గెడాల్ ఆసుపత్రి నేలమాళిగలోని ల్యాబ్‌లో ముప్పై రెండేళ్ళుగా ఆమె చేస్తున్న పని ఊరివాళ్ళ నెత్తురు, ఉచ్చ, చీము, కఫం, మలం పరీక్షించడం. ఎవరి లోపల ఏముందో ఆమెకు తెలిసినంతగా ఊళ్ళో పాస్టరుగారికి కూడా తెలియదు. ఆ మాటకొస్తే పాస్టరుగారి లోపల ఏముందో కూడా ఆమెకు తెలుసు. ఒక వేసవిలో ఆయన పుణ్యభూమి యాత్రకు వెళ్ళొచ్చినప్పుడు, వెంట తెచ్చుకున్న బద్దెపురుగును మైక్రోస్కోపులో మొదట పలకరించింది ఆమే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కానీ ఆదివారం ఆయన ప్రసంగానికి లేచి, మనిషిలో దాగి ఉన్న పాపం గురించి ఎత్తుకోగానే మూడో వరసలో ఆమె పెదాలు బిగించుకునేది. ఆయన చూపు కిటికీ వైపు తిప్పుకునేవాడు.

ఆమె పుట్టింది కొండవాలు మీద ఒక పాడి రైతు ఇంట్లో. పదహారేళ్ళు వచ్చేసరికి ఆవుల వెనకభాగాలు చూసి చూసి విసుగెత్తి, ఇక ఈ జన్మలో పేడ ముట్టనని ఒట్టు పెట్టుకుని పట్నం వెళ్ళి చదువుకుంది. చదువయ్యాక ఉద్యోగంలో మొదటిరోజు ఆమె చేతికిచ్చినవి ఇరవై మూడు చిన్న డబ్బాలు. వాటిలో ఏముందో చెప్పక్కర్లేదు. వాటిలో నాలుగింటి మీద పేర్లు తారుమారయ్యాయి. ఆవులే నయం, పేరు తప్పు రాయవు అని ఆ రాత్రే ఇంటికి ఉత్తరం రాసింది.

పనిలో ఆమెకు ఒకే ఒక్క చెడ్డ అలవాటు. క్రిములు పెరిగిన గాజు పళ్ళెం మూత తీసి వాసన చూసేది. ఒక జాతి క్రిమి ద్రాక్షపళ్ళ వాసన వేస్తుంది, ఒకటి తడిసిన కుక్క వాసన. యంత్రం రెండు గంటల్లో చెప్పేది ఆమె ముక్కు రెండు క్షణాల్లో చెప్పేసేది. అది ప్రమాదమని, వాసన చూడరాదని పైవాళ్ళు గోడకు కాగితం అంటించారు. ఆ కాగితం మీద తేదీ వేసి సంతకం పెట్టమన్నారు. పెట్టింది. తర్వాత మూత తీసి వాసన చూసింది.

ఇంట్లో మాత్రం ఆమె తిండి విషయంలో పోలీసు. స్టెయినార్ బస్సు డ్రైవరుగా రిటైరయ్యాక ఇంటి వెనక కొట్టంలో రాక్‌ఫిస్క్ ఊరబెట్టడమే వృత్తిగా పెట్టుకున్నాడు. ఆగస్టులో సరస్సులో పట్టిన ట్రౌట్ చేపల్ని శుభ్రంగా కడిగి, ఉప్పు, చిటికెడు చక్కెర వేసి బకెట్లో పేర్చి, పైన బండరాయి పెట్టి మూడు నెలలు మర్చిపోవాలి. నవంబరుకల్లా అది వెన్నలా మెత్తబడుతుంది. వండకుండానే, పల్చటి లెఫ్సె రొట్టెలో ఉల్లిపాయ, పుల్ల మీగడతో చుట్టుకుని తింటారు, పైన ఆక్వావిట్ అనే ఘాటు సారా తాగుతారు. దాని వాసన గురించి హెగ్గెడాల్ లోయలోవాళ్ళు మాట్లాడరు. బయటివాళ్ళు దాని గురించి తప్ప ఇంకేమీ మాట్లాడరు.

గున్వోర్ దాన్ని ఒక్కసారి కూడా నోట పెట్టలేదు. ఆ బకెట్లో ఎవరెవరు కాపురముంటారో తనకు తెలుసంటుంది. ఏటా నవంబరు రెండో శనివారం బంధువులంతా స్టెయినార్ అక్క హల్దిస్ ఇంట్లో చేరి ఆ చేప తినేటప్పుడు, గున్వోర్ తన కోసం రుల్లె చేసి పట్టుకెళ్ళేది. గొర్రె పక్కమాంసాన్ని పరిచి, మిరియాలు, అల్లంపొడి చల్లి, చాపలా చుట్టి, దారంతో కుట్టి, ఉప్పునీళ్ళలో నానబెట్టి, రెండు గంటలు ఉడికించి, తల్లి ఇచ్చిన చెక్క నొక్కుడుపెట్టెలో బిగించి చల్లారబెడితే అది రుల్లె. పల్చగా కోసి రొట్టె మీద వేసుకుంటారు.

హల్దిస్ ముప్పై ఎనిమిదేళ్ళు ఊళ్ళో తపాలా ఆఫీసు నడిపిన మనిషి. ఊళ్ళో ఎవరి కవర్లో ఏముందో ఆమెకు, ఎవరి కడుపులో ఏముందో గున్వోర్‌కు తెలుసు కాబట్టి ఇద్దరికీ సహజంగానే పడేది కాదు. మా తమ్ముడి చేప నీ నోటికి పనికిరాదు, మీ అమ్మ చెక్కలో నొక్కిన మాంసం మాత్రం మేం తినాలి అని ప్రతి ఏడూ అంటూనే హల్దిస్ నాలుగు ముక్కలు తన పళ్ళెంలోకి లాక్కునేది. మిగిలినది తన ఫ్రిజ్‌లోనే ఉంచమనేది. దాన్ని తిరిగి ఇవ్వడం అనేది ఆ ఇంటి ఆచారంలో లేదు.

ఆ ఏడు కూడా అలాగే జరిగింది. విందైన పదిహేనో రోజు, ఆదివారం, డెబ్బై తొమ్మిదేళ్ళ హల్దిస్‌ను అంబులెన్సులో ఆసుపత్రికి తెచ్చారు. జ్వరం, ఒళ్ళంతా వణుకు. కీళ్ళనొప్పులకి ఏళ్ళ తరబడి మింగుతున్న మాత్రల వల్ల ఆమెకు రోగాన్ని తట్టుకునే శక్తి తక్కువ. రాజధాని నుంచి నెల రోజుల డ్యూటీకి వచ్చిన డాక్టర్ ఓస్మున్ అది మూత్రంలో ఇన్ఫెక్షన్ అనుకుని, నెత్తురు తీసి పరీక్షకు పంపి, అన్నిటికీ పనిచేస్తుందని పేరున్న ఒక మందు సూదుల్లో మొదలుపెట్టాడు.

సోమవారం సాయంత్రం డ్యూటీ దిగి గున్వోర్ వదినను చూడ్డానికి వెళ్ళింది. హల్దిస్ కళ్ళు తెరిచి, ఆమె చెయ్యి పట్టుకుని, "గున్వోర్, నీ జుట్టెంత బావుందే. నువ్వు మా ఇంటికి రావడం మా అదృష్టం" అంది.

గున్వోర్ గబుక్కున చెయ్యి లాక్కుంది. ముప్పై రెండేళ్ళలో ఆ నోట ఆ మాట రాలేదు. బయటికొచ్చి, మనిషికి మతి తప్పింది, మెదడుదాకా ఏదో పాకింది, రాసుకోమని నర్సుకు చెప్పింది. మిమ్మల్ని మెచ్చుకుంటే మతి తప్పినట్టా అని నర్సు నవ్వింది. మా వదిన విషయంలో అంతే, నువ్వు రాయి అంది గున్వోర్.

మంగళవారం ఉదయం ఆమె ల్యాబ్ తలుపు తీసేసరికి నెత్తురు సీసాల పెట్టె మోగుతోంది. రోగి నెత్తుటిని పోషకద్రవంలో కలిపి వెచ్చగా ఉంచితే, అందులో క్రిములుంటే పెరుగుతాయి, పెరిగాయని పెట్టె మోత పెడుతుంది. మోగింది హల్దిస్ సీసా. గున్వోర్ ఒక చుక్క తీసి, గాజుపలక మీద రాసి, రంగులు వేసి చూసింది. ఊదారంగులో పొట్టి పొట్టి పుల్లలు. అలాంటివి సీసాలో కనిపిస్తే పదింట తొమ్మిదిసార్లు అవి చర్మం మీద ఉండే సాధు క్రిములు, సూది గుచ్చేటప్పుడు సరిగా తుడవక లోపలికి దూరినవి. పదోసారి మాత్రం లిస్టీరియా. ఫ్రిజ్‌లో పెట్టినా చావకుండా, చలిలో కూడా మెల్లగా పిల్లల్ని పెట్టే రకం. తిండిలోంచి వస్తుంది, గట్టివాళ్ళని వదిలేస్తుంది, ముసలివాళ్ళకీ గర్భిణులకీ నెత్తుట్లోకి, మెదడు పొరల్లోకి పాకుతుంది. దాన్ని పట్టే కిటుకు ఒకటుంది. ఒంటి వేడిలో అది మందకొడిగా పడుంటుంది. గదిలో చల్లగా ఉంచితే కదులుతుంది. గున్వోర్ కొంచెం ద్రవాన్ని గొట్టంలో పోసి కిటికీ గట్టు మీద పెట్టింది. రెండు గంటలాగి, ఒక చుక్క అద్దం కింద పెట్టి చూసింది. పుల్లలు తలకిందులుగా దొర్లుతున్నాయి.

ఫోన్ తీసింది.

"డాక్టరు గారూ, నాలుగో నంబరు గదిలో పెద్దావిడ సీసా మోగింది. లిస్టీరియా అనుకుంటున్నా."

"చర్మం మీదివై ఉంటాయండీ. పట్నం ల్యాబ్‌కి పంపించండి. రేపు వాళ్ళు పేరు చెప్తారు."

"రేపటికి ఆవిడ పేరు చెప్పుకోవాల్సి వస్తుందేమో. మీరిస్తున్న మందు దీనికి మంచినీళ్ళతో సమానం."

"మందులు నిర్ణయించేది నేను."

"మీరే నిర్ణయించండి. ఒకసారి కిందికొచ్చి చూసి నిర్ణయించండి."

తీరిక దొరికితే వస్తానని అతను ఫోన్ పెట్టేశాడు. ల్యాబ్ కోటుతో పైఅంతస్తులకు రాకూడదని ఇంకొక కాగితం ఉంది, దానిమీద కూడా ఆమె సంతకం ఉంది. ఆ కోటుతోనే మెట్లెక్కి డాక్టర్ల గదికి వెళ్ళింది. ఓస్మున్ గోధుమరంగు జున్ను వేసుకున్న రొట్టె తింటున్నాడు. ఆమె తన అలవాటు ప్రకారం అతను తినడం అయ్యేదాకా ఆగలేదు. ఇప్పుడు నాతో రాకపోతే ఆ గాజుపలక ఇక్కడికే తెచ్చి మీ రొట్టె పక్కన పెడతానంది. అతను లేచాడు. మెట్లు దిగేసరికి అతని చెవులు ఎర్రబడ్డాయి.

మైక్రోస్కోపు మీద వంగి చాలాసేపు చూశాడు.

"దొర్లుతున్నాయి" అన్నాడు చివరికి.

"చర్మం మీదివైతే ఇలా దొర్లవు. ఊళ్ళో చేపల పండగప్పుడు తాగుడు డేరాలోంచి మగాళ్ళు బయటికొచ్చేటప్పుడు ఎప్పుడైనా చూశారా? అచ్చం అలాగే."

అతను తలెత్తలేదు. "ఆంపిసిలిన్ పెట్టమంటారా?"

"నేను డాక్టర్ని కాను. కానీ ఔను."

పావుగంటలో ఆ మందు హల్దిస్ నరంలోకి ఎక్కుతోంది. మధ్యాహ్నం వెన్నులోంచి తీసిన నీళ్ళు పల్చటి గంజిలా ఉన్నాయి. మర్నాడు పట్నం ల్యాబ్ యంత్రం కూడా అదే పేరు చెప్పింది. ఓస్మున్ స్వయంగా నేలమాళిగకు దిగొచ్చి ఆ సంగతి చెప్పాడు. నాకు నిన్ననే తెలుసు అనబోయి గున్వోర్ ఆగింది. ఆగడం ఆమెకు అరుదు కాబట్టి అతను కూడా గమనించాడు.

నాలుగోరోజు హల్దిస్ కళ్ళు తెరిచి, గున్వోర్‌ను ఎగాదిగా చూసి, ఆ జుట్టేమిటి గడ్డివాములా అంది. గున్వోర్ వరండాలోకి వెళ్ళి గోడకు ఆనుకుని ఏడ్చింది. వదిన బతికింది.

ఇక అసలు గొడవ మొదలైంది. ఈ రోగం బయటపడితే ఎక్కడ్నించి వచ్చిందో వెతకాలి. ఆహార తనిఖీ శాఖ నుంచి విబెకె అనే అధికారిణి ఫోన్ చేసి, జబ్బు పడకముందు రోగి నెల రోజులు ఏమేం తిందో చెప్పమంది. రోగికి గుర్తులేదు కాబట్టి తమ్ముడే చెప్పాలి. స్టెయినార్ వంటింట్లో కూర్చుని తాపీగా చెప్పుకొచ్చాడు. బంగాళదుంపలు. జావ. కాఫీ. మళ్ళీ కాఫీ. ఎదురుగా కూర్చున్న గున్వోర్ ఫోన్ లాక్కుని, "ఊరబెట్టిన చేప. ఈయన బకెట్లోది" అని చెప్పింది.

ఫోన్ పెట్టేశాక స్టెయినార్ లేచి నిలబడ్డాడు.

"నువ్వు నా పెళ్ళానివా, ప్రభుత్వం మనిషివా?"

"మీ అక్క నెత్తుట్లో దొరికింది. నీ బకెట్లో ఉందేమో చూడాలా వద్దా?"

"మా తాత ఊరబెట్టాడు, మా నాన్న ఊరబెట్టాడు, ఒక్కడు చచ్చాడా?"

"మీ తాత యాభై రెండేళ్ళకే పోయాడు. ఎందుకు పోయాడో ఎవరైనా పరీక్ష చేశారా?"

ఆయన గుర్రం తన్ని పోయాడని స్టెయినార్ గట్టిగా చెప్పి కొట్టంలోకి పోయి తలుపేసుకున్నాడు. గున్వోర్ శుభ్రం చేసిన సీసాలతో వెళ్ళి, తలుపు తట్టి, భర్త చూస్తుండగా బకెట్లోంచి చేప ముక్క, ఊటనీళ్ళు తీసి మూత బిగించింది. ఆ తర్వాత పదకొండు రోజులు ఆయన ఆమెతో మాట్లాడలేదు. చెప్పాల్సినవన్నీ పిల్లికి చెప్పేవాడు. ఉప్పు అందుకో అనే మాట పిల్లి ఎన్నిసార్లు విందో. ఊళ్ళో కథ పాకి, చేపల పండగ కమిటీవాళ్ళు ఊరబెట్టిన చేపల పోటీ జాబితాలోంచి స్టెయినార్ పేరు మర్యాదగా కొట్టేశారు. ఇన్నేళ్ళూ ఆ బకెట్ల ముందు క్యూ కట్టినవాళ్ళు తమకు మొదట్నుంచీ అనుమానమే అన్నారు.

హల్దిస్ ఫ్రిజ్‌లోవి కూడా గున్వోరే తీసింది. మీగడ, మెత్తటి జున్ను, మిగిలిన చేప. చివర్లో రెండు వేళ్ళ మందాన రుల్లె తునక మిగిలుంది. దాన్ని చెత్తబుట్టలో వెయ్యబోయింది. తను కడిగి, తను కుట్టి, రెండు గంటలు ఉడికించినది, ఇందులో ఏముంటుంది? చెయ్యి బుట్ట పైన ఆగిపోయింది. ఇందులో ఏముంటుందిలే అని వదిలేసినవాళ్ళని ఆమె ముప్పై రెండేళ్ళుగా తిడుతూ వచ్చింది. దాన్నీ ఒక సీసాలో పెట్టి, పేరు రాసి, మిగిలిన వాటితో పాటు రాజధానికి పంపింది.

పన్నెండోరోజు విబెకె ఫోన్ చేసింది. బకెట్లో చేప, ఊటనీళ్ళు, మీగడ, జున్ను అన్నీ శుభ్రం. రుల్లెలో మాత్రం కుప్పలు తెప్పలుగా ఉన్నాయంది. హల్దిస్ నెత్తుటిలోని క్రిమికీ దీనికీ వేలిముద్రలు పోల్చినట్టు పోల్చి చూశారు, ఒకటే. రుల్లె ఎవరు చేశారో మీకు తెలుసా అని మెల్లగా అడిగింది.

"నేనే" అంది గున్వోర్.

ఫారంలో ఇంట్లో చేసినది అని రాస్తే చాలు, పేరు అక్కర్లేదు అంది విబెకె. గున్వోర్ ఒప్పుకోలేదు. వేరేవాళ్ళయితే పేరు రాయమని తను పట్టుబట్టేది. అక్షరం అక్షరం పలికి తన పేరు రాయించింది.

ఆ సాయంత్రం అటక మీంచి నొక్కుడుపెట్టె దించి భూతద్దం పెట్టి చూసింది. అడుగుచెక్కలో వెంట్రుక మందాన పగులు. చెక్క చీలిపోతుందని తల్లి ఏనాడూ దాన్ని వేడినీళ్ళలో ఉంచనివ్వలేదు. ఈమె కూడా సబ్బుతో రుద్ది ఆరబెట్టేది, అంతే. ఉడికిన మాంసంలో క్రిమి చచ్చినా, ఆ పగుల్లో కాపురం పెట్టినది చల్లారేటప్పుడు మళ్ళీ ఎక్కింది. విందులో తాజాగా తిన్నవాళ్ళకి ఏమీ కాలేదు. హల్దిస్ మాత్రం ఫ్రిజ్‌లో పెట్టుకుని రెండు వారాలు రోజూ ఒక ముక్క కోసుకుంది. క్రిమికీ ఆమెకీ తీరిక దొరికింది. గున్వోర్ పగుల్లో దూది తిప్పి ల్యాబ్‌కు పట్టుకెళ్ళి పెంచింది. రెండోరోజు నెత్తురు కలిపిన పళ్ళెం మీద మంచుబిందువుల్లాంటి చిన్న చుక్కలు లేచాయి. ఈసారి మూత తీసి వాసన చూడబుద్ధి కాలేదు.

స్టెయినార్‌కు ఆమే చెప్పింది. పిల్లిని ఒడిలో పెట్టుకుని ఆయన అంతా విన్నాడు. ఏదో అనబోయి, ఆమె ముఖం చూసి, లేచి కాఫీ కాచి ముందు పెట్టాడు. తర్వాత కొట్టంలో పనుందని వెళ్ళాడు. కొట్టంలోంచి ఆయన నవ్వు చాలాసేపు వినిపించింది. ఆపుకుందామని ప్రయత్నం చేస్తున్నట్టు కూడా వినిపించింది. మరుసటి ఏడు బకెట్ మూత మీద, ప్రభుత్వ పరీక్షలో నెగ్గినది అని పెద్ద అక్షరాలతో రాశాడు. పోటీలోకి మళ్ళీ తీసుకున్నారు, రెండో బహుమతి వచ్చింది. మొదటిది రావాల్సిందని ఇప్పటికీ అంటాడు.

హల్దిస్‌కు చెప్పడమే కష్టమైంది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన వారానికి గున్వోర్ వెళ్ళి, కోటు కూడా విప్పకుండా, వంటింట్లో నిలబడి చెప్పింది. రోగం పోయినా ఆ పెద్దావిడకు ఎడమ చెవి పూర్తిగా పోయింది. కాబట్టి కుడిచెవి వైపుకు మారి మళ్ళీ మొదట్నుంచి చెప్పాల్సొచ్చింది.

హల్దిస్ అంతా విని, కాఫీ కప్పు కింద పెట్టింది.

"నువ్వు నన్ను చంపాలనుకుంటున్నావని నాకు ముప్పై రెండేళ్ళుగా తెలుసే. ఇంత ఆలస్యం చేశావెందుకు?"

"వదినా, నేను నిజంగా..."

"మళ్ళీ కాపాడావట. డాక్టరు చెప్పాడు. ఏదో ఒకటి తేల్చుకోవద్దూ, చంపడమో కాపాడ్డమో?"

గున్వోర్ కుర్చీలో కూలబడింది. హల్దిస్ రొట్టె డబ్బా తీసి ముందుకు తోసింది. జున్ను ఉంది, కొట్లో కొన్నదే, భయం లేకుండా తిను అంది. ఇంకో మాట కూడా అంది, కిటికీ వైపు చూస్తూ. "రుల్లె మాత్రం బావుండేదే."

నొక్కుడుపెట్టెను గున్వోర్ పొయ్యిలో వేసింది. చెక్క బాగా ఎండింది కాబట్టి చకచకా కాలింది. తల్లి గుర్తొచ్చి మనసు పాడయింది కానీ, చివరిదాకా నిలబడి చూసింది. ఓస్మున్ నెల రోజుల డ్యూటీ అయ్యాక కూడా ఊరు విడవలేదు. అక్కడే స్థిరపడి, రోజూ ఉదయం కాఫీ కప్పుతో నేలమాళిగకు దిగి, ఇవాళ ఎవరి లోపల ఏముందని అడిగేవాడు. కొత్తగా చేరిన నర్సులకు ల్యాబ్ చూపించేటప్పుడు గున్వోర్ చుక్కలు లేచిన ఆ గాజు పళ్ళెం ఫోటో పెట్టి, ఇది నా చేతి వంట అని మొదలుపెట్టేది.

చెవి డాక్టరు ఉండేది పట్నంలో, కారులో గంటన్నర. నెలకోసారి హల్దిస్‌ను తీసుకెళ్ళే పని గున్వోర్ తన మీద వేసుకుంది, ఎవరూ అడగకుండానే. మొదటిసారి హల్దిస్ ముందుసీట్లో కూర్చుంది. అక్కడ డ్రైవరు సీటు ఎడమవైపు కాబట్టి పోయిన చెవి డ్రైవరు వైపు పడటంతో గున్వోర్ ఏమన్నా ఆమెకు వినపడలేదు, గంటన్నర ప్రయాణం ఇద్దరికీ చప్పగా గడిచింది. రెండోసారి నుంచి హల్దిస్ వెనకసీట్లో, సరిగ్గా డ్రైవరు వెనకాల, మంచి చెవిని ముందుకు వంచి కూర్చునేది. ఊరు దాటకముందే మొదలుపెట్టేవాళ్ళు. పట్నం చేరేదాకా ఒకరినొకరు తిట్టుకుంటూ, తిరుగుదారిలో మిగిలినవి తిట్టుకుంటూ, ఎనభై నాలుగో ఏట హల్దిస్ నిచ్చెనెక్కి చూరు శుభ్రం చేస్తూ కిందపడి పోయేదాకా ఐదేళ్ళు ఒక్క నెల కూడా మానలేదు.